స్పేసర్ కొనే ముందు మ్యానిఫోల్డ్ ఏదో చూసుకోండి

సంపాదకులకు నమస్కారం.

కార్బురేటర్ ఇంజిన్లలో పవర్ పెంచుకోవడం గురించి మీ వాహనాల పేజీలో వచ్చిన వ్యాసం చదివాను. కామ్‌షాఫ్ట్ గురించీ ఇగ్నిషన్ టైమింగ్ గురించీ రాసినదాంతో నాకు పేచీ లేదు, బాగానే రాశారు. స్పేసర్ దగ్గరికొచ్చేసరికి మాత్రం, కార్బురేటర్ కింద ఒకటి వేస్తే పవర్ పెరుగుతుంది, ఎత్తు ఎంత ఎక్కువైతే అంత మంచిది అన్న ధోరణిలో రెండు ముక్కల్లో తేల్చేశారు. ఏ మ్యానిఫోల్డ్ మీద, ఏ ఆర్‌పీఎం (ఇంజిన్ నిమిషానికి తిరిగే చుట్లు) దగ్గర, ఎలాంటి స్పేసర్ అన్నది అందులో ఎక్కడా లేదు. అవేవీ చెప్పకుండా స్పేసర్ వేసుకోమనడం రోగం ఏమిటో అడక్కుండా మందు రాసివ్వడం లాంటిది.

తెలియనివాళ్ల కోసం ముందు ఒక మాట. స్పేసర్ అంటే గాలిలో పెట్రోల్ కలిపే కార్బురేటర్‌కీ, ఆ మిశ్రమాన్ని సిలిండర్లకి చేర్చే ఇన్‌టేక్ మ్యానిఫోల్డ్‌కీ మధ్య పెట్టే దిమ్మ. అర అంగుళం, అంగుళం, రెండంగుళాల మందాల్లో ఎక్కువగా దొరుకుతుంది. కార్బురేటర్ బారెల్స్‌కి, అంటే అందులో గాలి దిగే గొట్టాలకి, సరిపోయేలా నాలుగు విడివిడి రంధ్రాలుంటే ఫోర్ హోల్, మధ్యంతా ఒకటే పెద్ద ఖాళీగా ఉంటే ఓపెన్, పైన నాలుగు రంధ్రాలుగా మొదలై కిందికి వచ్చేసరికి ఒకటిగా కలిసిపోతే టేపర్డ్ అనో కాంబో అనో అంటారు. అల్యూమినియంతో, ఫినాలిక్ అనే గట్టి రెజిన్ పదార్థంతో, ప్లాస్టిక్‌తో, రెజిన్ పట్టించిన చెక్క పొరలతో కూడా చేస్తారు. కదిలే భాగం ఒక్కటీ లేదు కాబట్టి ఇందులో ఏముందిలే అని అందరూ తేలిగ్గా తీసుకుంటారు. స్నేహితుడి కారులో ఏది ఉంటే అదే తెచ్చుకుని బిగించేస్తారు.

అసలు ఇది చేసే పనులు మూడు. ఇంజిన్ వేడిని కార్బురేటర్‌కి ఎక్కకుండా ఆపడం ఒకటి. కార్బురేటర్‌కి అందే సిగ్నల్‌ని మార్చడం రెండోది. కార్బురేటర్ కింద ఉండే ఖాళీని, అంటే ప్లీనమ్‌ని, పెద్దది చేసి గాలి మలుపు తిరగడానికి చోటివ్వడం మూడోది. మీ ఇంజిన్‌కి వీటిలో ఏది తక్కువైందో తెలియకుండా కొంటే డబ్బు పోవడమే కాదు, ఒక్కోసారి ఉన్న పికప్ కూడా పోతుంది. ఎందుకంటే రెండోదీ మూడోదీ చాలాసార్లు ఒకదానికొకటి అడ్డం పడతాయి. ప్లీనమ్ పెంచితే సిగ్నల్ పలచబడుతుంది.

సిగ్నల్ అంటే ఏమిటో చెప్పాలి. కార్బురేటర్ తనంతట తాను పెట్రోల్ చిమ్మదు, లోపలికి వెళ్లే గాలే దాన్ని లాక్కుంటుంది. వెంచురీ దగ్గర దారి ఇరుకై గాలి వేగం పెరుగుతుంది, అక్కడ పీడనం పడిపోతుంది, ఆ తేడా వల్ల ఫ్లోట్ చాంబర్‌లోని పెట్రోల్ జెట్ అనే సన్న రంధ్రం గుండా, వెంచురీ మధ్యలో ఉండే బూస్టర్ అనే చిన్న ముక్కులోకి ఎక్కి గాలిలో కలుస్తుంది. ఆ పీడనం తేడానే సిగ్నల్ అంటారు. సిగ్నల్ గట్టిగా ఉంటే యాక్సిలరేటర్ తొక్కగానే పెట్రోల్ వచ్చేస్తుంది, ఇంజిన్ వెంటనే అందుకుంటుంది. నీరసంగా ఉంటే గాలి ముందు వెళ్లిపోయి పెట్రోల్ వెనకబడుతుంది, తొక్కగానే కారు ఒక్క క్షణం గొంతు పట్టేసినట్టు ఆగి అప్పుడు లేస్తుంది.

ఇప్పుడు మ్యానిఫోల్డ్ సంగతి. అంతా దీని చుట్టూనే తిరుగుతుంది. నాలుగు బారెల్స్ కార్బురేటర్ ఉన్న వీ8, అంటే ఎనిమిది సిలిండర్ల ఇంజిన్‌నే ఉదాహరణగా తీసుకుంటాను, స్పేసర్ల గోల ఎక్కువ అక్కడే. డ్యూయల్ ప్లేన్ మ్యానిఫోల్డ్‌లో ప్లీనమ్ మధ్యలో గోడ ఉంటుంది. ఒక పక్క రెండు బారెల్స్ నాలుగు సిలిండర్లకి, రెండో పక్క రెండు బారెల్స్ మిగతా నాలుగింటికి గాలి ఇస్తాయి. ఒక్కో పక్కకి క్రాంక్ 180 డిగ్రీలు తిరిగినప్పుడల్లా ఒక సిలిండర్ పీలుస్తుంది, కాబట్టి పీల్పులు ఒకదాని మీద ఒకటి పడకుండా వరసగా వస్తాయి. సిగ్నల్ బలంగా ఉంటుంది. ఐడ్లింగ్ నుంచి 5500 ఆర్‌పీఎం దాకా రోడ్డు మీద హాయిగా నడిచే ఇంజిన్లకి దీన్ని వాడేది అందుకే.

ఇలాంటి మ్యానిఫోల్డ్ మీద ఓపెన్ స్పేసర్ పెట్టారనుకోండి. గోడ ఎక్కడిదక్కడే ఉంటుంది గానీ దాని పైన ఒక అంగుళం ఖాళీ వచ్చి, ఇటు పక్క సిలిండర్ అటు పక్క బారెల్స్ నుంచి కూడా గాలి లాగడం మొదలుపెడుతుంది. పై ఆర్‌పీఎంలో ఇది మంచిదే, ఒక్కో సిలిండర్‌కి రెండు బారెల్స్ బదులు నాలుగూ అందుతాయి, ఊపిరి ఆడుతుంది. కానీ కింద, రెండు వేలు రెండున్నర వేల దగ్గర, సిగ్నల్ చెదిరిపోతుంది. బరువైన కారు, ఆటోమేటిక్ గేర్‌బాక్స్, రోజూ ట్రాఫిక్‌లో నడిపే మనిషి అయితే పోగొట్టుకున్నది ప్రతి సిగ్నల్ లైటు దగ్గరా తెలుస్తుంది, సంపాదించింది ఎప్పుడో గానీ అందదు. అక్కడ ఫోర్ హోల్ పెట్టుకోవడం మేలు. రంధ్రాలు విడివిడిగా ఉండటం వల్ల రెండు పక్కలూ కలవవు, పైగా బారెల్ పొడవు పెరిగినట్టయి గాలి తిన్నగా దిగుతుంది. డ్యూయల్ ప్లేన్ కోసమే కింద మధ్య గోడని అలాగే ఉంచి చేసిన స్పేసర్లు కూడా ఉన్నాయి.

సింగిల్ ప్లేన్ కథ వేరు. ఎనిమిది రన్నర్లూ, అంటే ఒక్కో సిలిండర్‌కీ పోయే దారులూ, ఒకే గదిలోకి తెరుచుకుంటాయి, మధ్యలో గోడ ఉండదు. మూడు వేల పైనుంచి ఏడు వేల దాకా తిరిగే ఇంజిన్లకి పనికొచ్చేది. ఇక్కడ ఇబ్బంది వేరే రకం. కార్బురేటర్ నుంచి గాలీ పెట్రోల్ బొట్లూ నిట్టనిలువుగా కిందికి దిగి, ప్లీనమ్ అడుగు తాకేలోపే దాదాపు అడ్డంగా తిరిగి రన్నర్‌లోకి దూరాలి. గాలి తేలిక కాబట్టి తిరుగుతుంది, పెట్రోల్ బొట్టు బరువు కాబట్టి తిన్నగా వెళ్లి అడుగుకి కొట్టుకుంటుంది. అక్కడ మడుగు కట్టి, ఒక సిలిండర్‌కి ఎక్కువ ఇంకోదానికి తక్కువ పోతుంది. స్పార్క్ ప్లగ్గులు విప్పి వరసగా పెట్టి చూస్తే కనిపిస్తుంది: కొన్ని తెల్లగా కాలిపోయి ఉంటాయి, కొన్ని మసిబారి ఉంటాయి. ఒక అంగుళం ఓపెన్ స్పేసర్ పెడితే బొట్టుకి నెమ్మదించడానికీ తిరగడానికీ కాస్త దూరం దొరుకుతుంది, ప్లీనమ్ కూడా పెద్దదవుతుంది. ఎత్తు తక్కువగా ఉండే సింగిల్ ప్లేన్ల మీద దీని లాభం ఎక్కువ. ప్లీనమ్ ముందే లోతుగా ఉన్నవాటి మీద లాభం ఉండకపోవచ్చు, అక్కడ ఇంకో అంగుళం కలిపితే సిగ్నల్ నీరసపడటం తప్ప ఒరిగేదేమీ లేదు.

టేపర్డ్ రకం ఈ రెంటికీ మధ్యేమార్గం. పైన బారెల్స్‌ని విడిగా పట్టుకుని సిగ్నల్ కొంత నిలబెడుతుంది, కింద కలిపేసి ప్లీనమ్ కొంత పెంచుతుంది. సింగిల్ ప్లేన్ మీద ఓపెన్ వేశాక తొక్కగానే కారు తటపటాయిస్తుంటే తర్వాత పెట్టి చూడాల్సింది ఇదే. సందర్భం వచ్చింది కాబట్టి చెబుతున్నాను, అమెరికాలో నాస్కార్ కారు రేసుల వాళ్లు తమ కప్ కార్లకి 2019 డేటోనా 500 రేసు తర్వాత పెద్ద ట్రాకుల మీద, గాలిని తగ్గించే రిస్ట్రిక్టర్ ప్లేట్ తీసేసి దాని చోట పెట్టింది కూడా టేపర్డ్ స్పేసరే. అక్కడ అది పెట్టింది పవర్ పెంచడానికి కాదు, తగ్గించడానికి. రంధ్రాలు చిన్నవి చేసి గాలిని కట్టడి చేస్తారు, అప్పటికి ఆ కార్లలో కార్బురేటర్ కూడా లేదు, 2012 నుంచే ఇంజెక్షన్. పేరు ఒకటే అని ఆ ముక్కని ఈ ముక్కతో కలిపి చూడకూడదు.

వేడి సంగతికి వస్తాను. నన్నడిగితే రోడ్డు మీద తిరిగే కార్లలో సగానికి పైగా స్పేసర్ వేసుకోవాల్సింది దీనికోసమే, పవర్ కోసం కాదు. ఎండలో బాగా నడిపి ఇంజిన్ ఆపేశాక నీళ్లూ ఆగిపోతాయి, ఫ్యానూ ఆగిపోతుంది, ఇంజిన్ దిమ్మలో ఉన్న వేడంతా పైకి పాకుతుంది. పది నిమిషాల తర్వాత ఎయిర్ ఫిల్టర్ మూత తీసి టార్చి వేసి లోపలికి చూడండి. బూస్టర్ల కొసల నుంచి పెట్రోల్ చుక్కలు చుక్కలుగా కారుతూ ఉంటుంది, కింద గాలి దారిని తెరిచి మూసే థ్రాటిల్ ప్లేట్లు తడిసి మెరుస్తుంటాయి, పైకి పల్చటి ఆవిరి లేస్తుంటుంది, ముక్కు దగ్గర పెట్టనక్కర్లేకుండానే వాసన కొడుతుంది. ఫ్లోట్ చాంబర్‌లో పెట్రోల్ మరిగి పొంగుతోందని అర్థం. అప్పుడు సెల్ఫ్ కొడితే ఫ్లడ్ అయిన ఇంజిన్ గుర్రు గుర్రుమంటుందే తప్ప అందుకోదు. ఇథనాల్ కలిపిన పెట్రోల్‌తో ఇది ఇంకా ఎక్కువ. ఇథనాల్ ఒక్కటే అయితే 78 డిగ్రీల దగ్గర మరుగుతుంది గానీ, పెట్రోల్‌లోని తేలిక భాగాలతో కలిసినప్పుడు అంతకంటే తక్కువ వేడికే ఆవిరవుతుంది.

దీనికి అల్యూమినియం స్పేసర్ వేసి లాభం లేదు. అల్యూమినియం వేడిని ఫినాలిక్ కంటే కొన్ని వందల రెట్లు సులువుగా దాటిస్తుంది. ఎత్తు పెరుగుతుంది, వేడి మాత్రం కాస్త ఆలస్యంగానైనా పైకి ఎక్కేస్తుంది. ఫినాలిక్, చెక్క, ప్లాస్టిక్ రకాల్లో ఏదైనా పనికొస్తుంది, అర అంగుళం మందమే చాలాసార్లు సరిపోతుంది. అలాగని స్పేసర్ ఒక్కటే అన్నీ చూసుకుంటుందనుకోవద్దు. మ్యానిఫోల్డ్ అడుగున ఎగ్జాస్ట్ వేడి పారే దారి, క్రాస్ఓవర్ అంటారే, అది తెరిచే ఉంటే, పెట్రోల్ పైపు హెడర్‌కి, అంటే ఎగ్జాస్ట్ గొట్టాలకి, ఆనుకుని పోతుంటే, ముందు వాటి సంగతి చూడాలి. చలి ప్రాంతంలో నడిపేవాళ్లు ఇంకోటి కూడా ఆలోచించుకోవాలి, కంపెనీవాళ్లు ఆ వేడిని ఊరికే పెట్టలేదు. పెట్రోల్ ఆవిరైనప్పుడు కార్బురేటర్ చల్లబడి, తేమగా ఉండే చలిరోజుల్లో లోపల మంచు కట్టేస్తుంది, ఇంజిన్ వేడెక్కేదాకా మిస్సింగ్ కొడుతుంది. వేడి మొత్తం ఆపేస్తే ఆ ఇబ్బంది నెత్తిన పడుతుంది.

చల్లగా ఉంటే పవర్ పెరుగుతుంది కదా అంటారు. లోపలికి వెళ్లే గాలి ఐదారు డిగ్రీల సెల్సియస్ చల్లబడితే సుమారు ఒక శాతం పవర్ తేడా వస్తుంది, నిజమే. కానీ యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కినప్పుడు గాలి కార్బురేటర్‌లో ఉండేది రెప్పపాటు కూడా కాదు, ఆ కాసేపట్లో కార్బురేటర్ గోడల వేడి దానికి ఎంతని ఎక్కుతుంది? ఫినాలిక్ వల్ల అసలు లాభం వేడి ఇంజిన్ మళ్లీ స్టార్ట్ అవడంలోనూ, ట్రాఫిక్‌లో ఐడ్లింగ్ నిలకడగా ఉండటంలోనూ కనిపిస్తుంది. రేసులో టైమ్ తగ్గించుకోవాలంటే బయటి చల్లగాలి తెచ్చే డక్ట్ పెట్టుకోవడం దీనికంటే నయం.

ఎత్తు ఎంత ఉండాలన్నది చాలామందికి బోనెట్ నిర్ణయిస్తుంది, ఇంజిన్ కాదు. కొనేముందే కొలవండి. ఎయిర్ ఫిల్టర్ మూత మీద, ముఖ్యంగా మధ్య నట్టు మీద, ఆడుకునే మట్టి ముద్ద ఒకటి పెట్టి బోనెట్ నెమ్మదిగా పూర్తిగా మూసి తెరవండి. ముద్ద నొక్కుకుపోయాక ఎంత మందం మిగిలిందో అంతే మీకున్న ఖాళీ. అందులోంచి స్పేసర్ మందమూ, అదనపు గ్యాస్కెట్ మందమూ తీసేయాలి, ఇంజిన్ గట్టిగా లాగినప్పుడు మౌంటింగుల మీద ఒక పక్కకి లేస్తుంది కాబట్టి దానికీ ముప్పావు అంగుళమైనా వదలాలి. ఖాళీ చాలక కొందరు స్పేసర్ కోసం ఎయిర్ ఫిల్టర్‌నే పొట్టిది వేసేస్తారు, అదొక తమాషా. మూత కార్బురేటర్ నోటి మీదికి వచ్చేసి గాలికి అడ్డం పడుతుంది, స్పేసర్ ఇచ్చింది ఫిల్టర్ తినేస్తుంది.

కార్బురేటర్ ఒక అంగుళం లేస్తే దానికి తగిలించినవన్నీ లేస్తాయి: యాక్సిలరేటర్ కేబుల్, రిటర్న్ స్ప్రింగ్, పెట్రోల్ పైపు, వాక్యూమ్ గొట్టాలు, చోక్ రాడ్. ఇక్కడ ఆటోమేటిక్ గేర్‌బాక్స్ ఉన్నవాళ్లకి ఒక హెచ్చరిక. కొన్ని గేర్‌బాక్సుల్లో, జీఎం 700ఆర్4 లాంటివాటిలో, లోపలి ఆయిల్ ప్రెషర్‌ని కార్బురేటర్ నుంచి వెళ్లే టీవీ (థ్రాటిల్ వాల్వ్) కేబుల్ నడిపిస్తుంది. ఆ కేబుల్ లాగుడు కోణం మారి వదులైతే ప్రెషర్ చాలక క్లచ్‌లు జారి కాలిపోతాయి. స్పేసర్ కోసం చూసుకుంటే గేర్‌బాక్స్ ఖర్చు నెత్తిన పడుతుంది.

బిగింపు గురించి ఎక్కువ చెప్పను. స్పేసర్‌కి పైనా కిందా రెండు గ్యాస్కెట్లు ఉండాలి, స్టడ్లు అంత పొడవున్నవి వేయాలి, రెండు ముఖాలూ చదునుగా ఉన్నాయో లేదో స్కేలు ఆనించి వెలుతురు కనపడుతుందేమో చూడాలి. నట్లు ఎదురెదురుగా కొంచెం కొంచెం బిగించాలి. గాలి లీకవుతోందని ఇంకా ఇంకా బిగిస్తే కార్బురేటర్ అడుగు వంగి లీకు ఇంకా పెద్దదవుతుంది.

స్పేసర్ వేసి పాత సెట్టింగులతోనే నడిపి పని చేయలేదనే వాళ్లూ ఉన్నారు. సిగ్నల్ మారాక మిశ్రమం మారకుండా ఎలా ఉంటుంది? ఓపెన్ వేశాక తొక్కగానే ఆగుతుంటే ముందు యాక్సిలరేటర్ పంపు షాట్, అంటే తొక్కగానే పంపు చిమ్మే పెట్రోల్, పెంచి చూడాలి, తర్వాత జెట్లు. మిశ్రమం సరిగా ఉందో లేదో తేల్చడానికి, ఎగ్జాస్ట్‌లో పెట్టే వైడ్‌బ్యాండ్ ఆక్సిజన్ సెన్సార్ ఉంటే దాని రీడింగ్, లేకపోతే ప్లగ్గుల రంగు చూడాలి. ఇంకో పరీక్ష ఉంది, స్పేసర్ కొనకముందే చేసుకోవాల్సింది. మ్యానిఫోల్డ్‌కి వాక్యూమ్ గేజ్ తగిలించి పూర్తి థ్రాటిల్‌లో పై ఆర్‌పీఎం దాకా లాగండి. గేజ్‌లో పాదరసం అంగుళంన్నర దాటి వాక్యూమ్ కనిపిస్తే కార్బురేటరే చిన్నది, లేదా ఫిల్టర్ మూసుకుపోయింది. కింద ఎన్ని స్పేసర్లు దొంతర పెట్టినా ఆ కొరత తీరదు.

ఇక లాభం కొలిచే విషయం. మీ వ్యాసం మీద నా అసలు ఫిర్యాదు ఇదే. స్పేసర్ వల్ల వచ్చే తేడా మామూలుగా కొన్ని హార్స్‌పవర్లు. ఒకే ఇంజిన్‌ని డైనో (పవర్ కొలిచే యంత్రం) మీద ఏమీ మార్చకుండా రెండుసార్లు లాగినా అంత తేడా రావచ్చు. నీళ్ల వేడి, ఆయిల్ వేడి, ఆ రోజు గాలి తేమ, అన్నీ లెక్కలోకి వస్తాయి. అందుకే స్పేసర్ లేకుండా, వేసి, మళ్లీ తీసేసి, ఒకే పూట, ఒకే ఇంజిన్ వేడి దగ్గర కొలవాలి. మూడోసారి మొదటి అంకె తిరిగి రాకపోతే మధ్యలో వచ్చినదాన్ని నమ్మడానికి లేదు. పైగా గరిష్ఠ పవర్ ఒక్క అంకె చూసి మురిసిపోవడం ఎందుకు? 6500 ఆర్‌పీఎం దగ్గర ఎనిమిది హార్స్‌పవర్లు పెరిగి 4000 దగ్గర పన్నెండు పోతే, ఆ కారు గేరు మార్చినప్పుడల్లా 4000 దగ్గర పడుతూ ఉంటే, అది నెమ్మదించినట్టే లెక్క. మీరు మళ్లీ ఇలాంటి వ్యాసం వేసేటప్పుడు ఇంజిన్ సైజు, మ్యానిఫోల్డ్ రకం, కార్బురేటర్ సైజు, కామ్, ఇవి నాలుగూ రాసి, కింది నుంచి పై దాకా పూర్తి గ్రాఫ్ వేయండి. అరపేజీ బొమ్మ తగ్గితే పాఠకులేమీ అనుకోరు.

స్థలం లేక ఈ ఉత్తరం కత్తిరించాల్సి వస్తే పైనదంతా తీసేసినా సరే, ఈ ఒక్క పేరా ఉంచండి. థ్రాటిల్ ప్లేట్లు పూర్తిగా తెరుచుకున్నప్పుడు కార్బురేటర్ అడుగు కంటే కిందికి దిగుతాయి. హోలీ కంపెనీ 750 కార్బురేటర్‌లో బారెల్ 1-11/16 అంగుళాలు, 850లో 1-3/4. క్వాడ్రాజెట్ అనే ఇంకో కార్బురేటర్‌లో అయితే ముందు బారెల్స్ 1-3/8, వెనకవి ఏకంగా 2-1/4. ఒకదానికి చేసిన ఫోర్ హోల్ స్పేసర్‌ని ఇంకోదాని కింద పెడితే, లేదా గ్యాస్కెట్ ఒక పక్కకి జరిగితే, ప్లేటు అంచు రంధ్రం గోడకి తట్టుకుని అక్కడే ఇరుక్కుపోతుంది. అంటే కాలు తీసేసినా ఇంజిన్ పూర్తి థ్రాటిల్‌లోనే ఉండిపోతుంది. బిగించాక, ఇంజిన్ స్టార్ట్ చేయకముందే, ఒకరు లోపల కూర్చుని పెడల్ అడుగుదాకా తొక్కి వదులుతుంటే ఇంకొకరు పైనుంచి టార్చి వేసి చూడాలి. వెనక బారెల్స్ వాక్యూమ్‌తో తెరుచుకునే రకమైతే పెడల్‌తో కదలవు, వాటిని చేత్తో తెరిచి వదలాలి. నాలుగు ప్లేట్లూ నిలువుగా తెరుచుకుని, ఎక్కడా రాసుకోకుండా, టక్కున వాటంతటవే మూసుకోవాలి. అర నిమిషం పని. కొంచెం పట్టినట్టనిపించినా కార్బురేటర్ విప్పేయండి, రంధ్రాలు సరిచూసుకోకుండా తాళం తిప్పొద్దు.

ఇట్లు,
కార్బురేటర్లు విప్పి బిగించే అలవాటున్న ఒక పాఠకుడు